పెట్టే మనిషి కూర్చుంటే

ఆమె పోయిన సంగతి కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఖానాపురం హవేలిలో మా వీధి మొదట్లో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను.

“డాక్టరమ్మా, మా అత్తమ్మ పోయింది. నిద్రల్నే పోయింది. మొన్న పొద్దుగాల లేపితె లేవలే” అన్నది. వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. “రేపు పిట్టకు పెడుతున్నం. నీకు చెప్పాలె అనిపించింది.”

ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కకపోయేసరికి వెళ్ళిపోయింది. పక్కన మూసి ఉన్న కొట్టు అరుగు ఖాళీగా ఉంది. కూర్చోవాలనిపించింది గాని కూర్చోలేదు. ఆమె గురించిన మాట విన్న వెంటనే కూర్చోవడం బాగుండదనిపించింది. ఎందుకో చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి.

సారపాకలో కాగితపు మిల్లుకు వెళ్ళే దారిలో, జామాయిల్ కర్ర లారీలు బారులు తీరే చోట, రేకుల కప్పు కింద ఆమె టిఫిన్ హోటల్ నడిపింది. మిల్లు పనివాళ్ళు, లారీల వాళ్ళు, సంతకు అడవి ఊళ్ళ నుంచి దిగే ఆడవాళ్ళు, అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళు. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా. నేను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను డాక్టరమ్మా అని మొదలుపెట్టి, మాట సగానికి వచ్చేసరికి బిడ్డా అనేది.

నేను రోగుల్ని చూసే డాక్టర్ని కాను. రోగుల నుంచి తీసిన ముక్కల్ని చూసే డాక్టర్ని. ఆ రోజుల్లో ఖమ్మంలో మా సారు దగ్గర ఒక పరిశోధనలో ఉన్నాను. కాళ్ళలో రక్తం గుండె వైపు పైకి ఎక్కాలి. సిరల్లో ఉండే తలుపుల్లాంటి పొరలు పాడైతే అది ఎక్కలేక కిందనే నిలుస్తుంది. ఏళ్ళ తరబడి అలా నిలిస్తే చీలమండ పైన చర్మం నల్లబడుతుంది, చెక్కలా గట్టిపడుతుంది, ఒకనాడు ఏ చిన్న గీరుడుకో పుండు పడుతుంది. పడితే తొందరగా మానదు. మామూలు గాయమైతే చర్మం తనే కొన్ని పదార్థాలను తయారు చేసుకుంటుంది. వాటిని గ్రోత్ ఫ్యాక్టర్లు అంటాం. కొత్త చర్మం రావాలని, కొత్త రక్తనాళం సాగాలని కణాలకు కబురు చేసేవి అవే. ఈ మానని పుండ్ల చుట్టూ ఉన్న చర్మంలో అవి ఉన్నాయా లేవా, ఉంటే ఎక్కడున్నాయి అని వెతకడం నా పని.

ఆమె ఎడమ కాలికి అలాంటి పుండే. దవాఖానాకు వచ్చిన రోజు బల్ల ఖాళీగా ఉన్నా గోడ పక్కన నిలబడి ఉంది. కుడి కాలి మీద బరువంతా వేసి, ఎడమ పాదాన్ని కుడి పిక్కకు ఆనించి.

“కూర్చో పెద్దమ్మా.”

“పర్లే. మీరు కూసుండ్రి.”

చర్మం ముక్క తీస్తామని చెప్పాను. ఎంత అని అడిగింది. మెంతి గింజంత అన్నాను.

“గంతేనా. దానికి ఇంతమంది డాక్టర్లా?” అని నా వెనక నిలబడ్డ జూనియర్లను చూసింది. “తీసినంక ఏం జేస్తరు?”

“మైనంలో పెట్టి, పల్చగా కోసి, అద్దం మీద పరిచి చూస్తాం.”

“పల్చగ అంటె?”

దోసెలు పోస్తానని అప్పటికే చెప్పింది కాబట్టి, “నీ దోసె కన్నా పల్చగా” అన్నాను.

“నా దోసె తిన్నవా నువ్వు?”

“లేదు.”

“మరెట్ల చెప్తవ్?”

సూది గుచ్చుతున్నప్పుడు ఆమె పైకప్పు చూస్తూ ఆ గది చల్లగా ఉంటుందా అని అడిగింది, ముక్కను పెట్టే గది. ఏసీ ఉంటుందని చెప్పాను. “మంచిగైంది. పెనం కాడ నేను మాడుతుంటె నా తోలన్న ఏసీల ఉంటది. ఒక్కటన్న సుఖపడనియ్.” తర్వాత ఎప్పుడు వచ్చినా ముందు అదే అడిగేది. “నా ముక్క మంచిగున్నదా?” వేరే ఊరికి ఇచ్చిన పిల్ల క్షేమం అడిగినట్టు అడిగేది. మంచిగున్నదని చెప్పేదాన్ని. నిజమే. మైనంలో ఉన్న చర్మానికి ఏమీ కాదు.

పోలికలంటే నాకు అంత గురి లేదు. మైక్రోస్కోపు కింద ఆమె చర్మం ఎలా ఉందో చూసింది చూసినట్టే రాస్తాను. సన్నని రక్తనాళాలు ఒక్కొక్కటిగా లేవు, గుంపులు గుంపులుగా చుట్టుకుని ఉన్నాయి. ప్రతి దాని చుట్టూ మందంగా ఒక వలయం. అక్కడక్కడా తుప్పు రంగు గింజలు, కారిన రక్తంలోని ఇనుము మిగిలిపోయింది. గ్రోత్ ఫ్యాక్టర్లు ఉన్నచోట గోధుమ రంగు పట్టేలా మేం రంగు వేశాం. అవి లేకనే పుండు మానడం లేదేమో, రంగు చాలా పలచగా పడుతుందేమో అనుకున్నాను. రంగు చిక్కగా పట్టింది. మంచి చర్మంలో కన్నా చిక్కగా. కానీ అంతా ఆ నాళాల చుట్టే, ఆ వలయాల దగ్గరే. పుండు అంచున, కొత్త చర్మం మొదలవ్వాల్సిన చోట, దాదాపు ఏమీ లేదు.

మా సారు కన్ను ఎత్తకుండానే చాలాసేపు చూశారు. తర్వాత, “అన్నీ ఉన్నాయి. అందటం లేదు” అన్నారు.

ఎందుకు అందవన్నదానికి ఇప్పటికీ వాదనలున్నాయి. ఒత్తిడికి నాళాల నుంచి బయటికి కారిన పదార్థాలు వాటిని పట్టి ఉంచుతాయని కొందరంటారు. అందేలోపే కరిగిపోతాయని కొందరు. ఏ వాదన నిజమైనా, ముందు చేయాల్సింది మాత్రం ఒకటే. కాలికి కింది నుంచి పైకి బిగువుగా సాగే కట్టు కట్టాలి. ఆ బిగువుకు రక్తం పైకి కదులుతుంది, కారడం తగ్గుతుంది. ఆమెకు కట్టు ఇచ్చారు, ఎలా చుట్టాలో చూపించారు. పుండు ఇంకా లోతుకు పోతే కాలు దక్కడం కష్టమని సర్జన్ మొహం మీదే చెప్పాడు. ఆమె తలూపింది.

వచ్చిన ప్రతిసారీ అడిగేవాళ్ళం. కట్టు కడుతున్నావా?

“అవ్. రోజు కడుతున్న. ఒక్కనాడు తప్పలే.”

పుండు మాత్రం ఇంచు కూడా తగ్గలేదు. ఆమె అబద్ధం చెప్పే మనిషిలా లేదు. నేను మళ్ళీ మళ్ళీ ఆ అద్దం ముక్క దగ్గరికే పోయి, కారణం అందులో ఉందేమోనని వెతికాను. కొన్ని మధ్యాహ్నాలు ఆ గోధుమ రంగులోకి చూస్తూ ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. ఏసీ చప్పుడు, కంటికి ఆనిన గొట్టం, కింద కదలని చర్మం. ఆమె ఆ గదిలోనే ఎక్కడో నిలబడి ఉన్నట్టుండేది.

ఒకసారి భద్రాచలంలో పనిబడి పొద్దున్నే బయల్దేరాను. సారపాకలో బస్సు దిగి, ఆమెను చూసి, తర్వాత వంతెన దాటుదామనుకున్నాను. గోదావరి వైపు నుంచి మంచు వచ్చి రోడ్డు మీద మోకాలెత్తున నిలిచి ఉంది. ఉడికిన కర్రగుజ్జు వాసన. లారీల మీద జామాయిల్ కర్రలు తడిసి నల్లగా ఉన్నాయి. ఆ తెల్లదనంలో ఆమె హోటల్ కనిపించకముందే పెనం వినిపించింది.

ఆ పెనాన్ని ఆమె చూసేది కాదు. వేళ్ళతో నీళ్ళు చిలకరించి, మొహం పక్కకు తిప్పి, చెవి అటు పెట్టేది. చప్పుడు నచ్చితే పిండి వేసేది. నచ్చకపోతే ఉల్లిగడ్డ చెక్కతో ఒకసారి రుద్ది, మళ్ళీ నీళ్ళు చల్లి, మళ్ళీ వినేది.

ఏం కావాలని ఎవర్నీ అడగదు. “ఎటు పోతున్నవ్?” అని అడుగుతుంది. వెంకటాపురం బస్సెక్కేవాళ్ళకు పూరీ పెట్టదు. “గా మలుపులల్ల కక్కుతవ్. ఇడ్లీ తిను.” లారీ మీద దూరం పోయేవాళ్ళకు చట్నీ తగ్గిస్తుంది, నిద్ర వస్తుందని. షిఫ్ట్ దిగి ఇంటికి పోయేవాళ్ళకు మాత్రం ఏదడిగితే అది. తినేవాళ్ళ మొహం చూడదు. చేతులు చూస్తుంది. వేళ్ళు నెమ్మదిస్తే ప్లేటులో ఇంకొకటి పడుతుంది. వద్దంటే, “ఇంకోటి పడుతది తియ్” అంటుంది.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. “వచ్చినవా. ఎటు పోతున్నవ్?”

“భద్రాచలం.”

“దగ్గరే. దోసె తిను. పల్చగనే పోస్త, నీ అద్దం మీది లెక్క.”

తిన్నాను. అప్పుడు చూశాను. పొయ్యి వెనక తాడు మీద, తువ్వాలు పక్కన, మేమిచ్చిన కట్టు ఆరేసి ఉంది. పొయ్యి గట్టు చాటున ఆమె ఎడమ కాలు బోసిగా ఉంది. వాచి, మెరుస్తూ. పుండు మీద చిన్న గుడ్డ ముక్క మాత్రం.

నా చూపు ఎటు పోయిందో ఆమె గమనించింది. “అట్ల సూడకు. రాత్రి కట్టుకుంట” అన్నది.

“రాత్రా?”

“మరి? అన్నీ సర్దినంక, తానం జేసి, మంచిగ సుట్టుకుని పండుకుంట. పొద్దుగాల ఇప్పి, ఉతికి, ఆరేస్త. ఒక్కనాడు తప్పలే అని చెప్పలేదా?”

చెప్పింది. పడుకున్నప్పుడు రక్తం ఎలాగూ పైకి పోతుంది. అప్పుడు ఆ కట్టు అక్కర్లేదు. కావాల్సింది పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా, ఆమె నిలబడి ఉండే వేళ. ఆ వేళంతా అది తాడు మీద ఆరుతోంది. వారాల తరబడి అద్దం మీద నేను వెతికింది, వెలుతురులో, తువ్వాలు పక్కన వేలాడుతోంది.

“పగలు కట్టుకోవాలి పెద్దమ్మా. నిలబడినప్పుడే కట్టుకోవాలి.”

ఆమె దోసె తిరగేసింది. “తినేటోళ్ళ ముంగట పుండు కట్టు ఏసుకుని తిరుగుతనా బిడ్డా? ముద్ద దిగుతదా వాళ్ళకు?”

“అయితే కూర్చుని దోసెలు పోయి. కాలు పైకి పెట్టుకుని. కోడలు వడ్డిస్తుంది కదా.”

దానికి ఆమె నిజంగానే నవ్వింది. పిండి గిన్నె పక్కన పెట్టి, నాకు చెప్పాల్సిన మాట అన్నట్టు చెప్పింది. కొత్తగూడెం వైపు బొగ్గుబాయి దగ్గర ఆమె తల్లి, పని దిగి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టేదట. బాయిలోంచి వచ్చిన మనిషి కళ్ళు చీకటికి అలవాటు పడి ఉంటాయి. గిన్నెలో ఎంతుందో చూడడు, పెట్టే మనిషిని చూస్తాడు. “పెట్టే మనిషి కూసుంటే అన్నం ఒడిసిందనుకుంటడు. సగం కడుపుకే చెయ్యి కడుక్కుంటడు. ఇంకింత పెట్టమని అడగడు. మా అమ్మ గిట్లనే చెప్పేది. ఒడువలే, ఇంకున్నది అని నోటితోని చెప్తె నమ్మరు. నిలబడాలె.”

తినే చోట ఆమె కూర్చోగా ఎవరూ చూడలేదు. అందరూ పోయాక, ఆఖరి దోసె తనకు పోసుకుని, గోడ వైపు తిరిగి తినేది. అదీ నిలబడే. నేను ఒకసారి మాట్లాడబోతే ఎడమ చేత్తో ఆగమంది. తర్వాత అన్నది, “తినేటప్పుడు మనిషి మొకం వేరే ఉంటది. అది తినేటోళ్ళది. సూసేటోళ్ళది కాదు.”

ఆ పొద్దున నేను వాదించలేదు. వాదిస్తే గెలిచే మనిషిని కాను. కాలు పోతే నిలబడటం ఉండదని మాత్రం చెప్పాను. ఆమె పెనం వైపు చెవి పెట్టి వింటూ ఉండిపోయింది. నీళ్ళు చల్లలేదు, అయినా వింటూనే ఉంది.

అప్పుడు బల్ల దగ్గర ఒకాయన ఉన్నాడు. మిల్లులో బాయిలర్ దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. ఆమె అతన్ని బావా అని పిలిచేది, చుట్టరికం ఏమీ లేదు. ఆమె నిలబడే తీరు మీద అతను రోజూ ఆటపట్టించేవాడట.

“ఏందక్కా, కొంగ తీరు ఒంటికాలి మీద నిలబడ్డవ్. చాపల కోసమా?”

“అవ్. నీ అసొంటి చాపలు నాలుగు పడుతయని.”

“పడ్డం కద. ఇంక ముక్కుతోని పొడవకు.”

మా మాటలు అతను విన్నాడో లేదో తెలియదు. ప్లేటు కడిగి పెట్టి, షిఫ్టుకు పోయాడు.

ఆమె పగలు కట్టు కట్టుకున్న మొదటి రోజు నేను అక్కడ లేను. కోడలు తర్వాత చెప్పింది, ఎన్నిసార్లో. నేను ఇప్పుడు దాన్ని చూసినట్టే తలుచుకుంటాను. పొద్దున మంచం మీదే, కాలు కింద పెట్టకముందే, కోడలు చేత చుట్టించుకుంది. తెల్లని కట్టు పాదం నుంచి మోకాలి దాకా. చీర కిందికి లాక్కుని పొయ్యి వెనక నిలబడింది. దాచుకోవచ్చు, గట్టు అడ్డం ఉంది. కానీ నేను ఇంకో మాట కూడా చెప్పి ఉన్నాను. నిలబడితే ఒకచోట నిలబడకు, తిరుగుతుండు, పిక్క కదిలితే రక్తం పైకి పోతుందని. అందుకని ఆ రోజు నుంచి ప్లేట్లు కోడలికివ్వలేదు. ఒక్కొక్కటి తనే తీసుకుని బల్లల దగ్గరికి నడిచింది. నడిస్తే కట్టు కనపడుతుంది. కనపడింది.

ఒక లారీ డ్రైవర్ చూసి, చేయి ఆపి, ప్లేటు అలాగే వదిలి లేచిపోయాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ తగిలిందని కోడలు అన్నది. మిగతావాళ్ళు ప్లేట్లలోకి చూసుకుంటున్నారు. వేళ్ళు నెమ్మదించాయి. ఆమె వాళ్ళ చేతులు చూసింది. అంతవరకూ నెమ్మదించిన ఏ చెయ్యినీ వదలని మనిషి, ఆ రోజు ఇంకోటి వేయడానికి అడుగు వేయలేకపోయింది.

అప్పుడు బాయిలర్ బావ అన్నాడు, నోట్లో ముద్దతోనే, “అక్కా, మా ఆవిరి పైపులకు గూడ గిట్లనే గుడ్డలు సుడతరు. లీకేజా?”

ఆమె కొంచెంసేపు అతన్ని చూసింది. “అవ్. లీకేజే.”

“పాత మాలు కద. గట్టిగ సుట్టాలె. సరే గని, ఇంకోటి పట్టుకరా. జల్దీ. సైరన్ కొడతడు.”

ఆమె వేసుకొచ్చింది. అతను తిన్నాడు. ఇంకోటి అడిగాడు. ఆ పొద్దున అతను తిన్నన్ని దోసెలు ఎన్నడూ తినలేదట. లేచేటప్పుడు నడుం పట్టుకుని లేచాడట. ఆ లారీ డ్రైవర్ మళ్ళీ రాలేదు. మిగతావాళ్ళెవరూ రావడం మానలేదు.

పుండు మెల్లగా దగ్గరపడింది. వానలు మొదలైనప్పుడు అది అరచేయంత, వానలు పోయేసరికి రూపాయి బిళ్ళంత. చలికాలంలో ఒకరోజు దవాఖానాకు వచ్చి, గోడ పక్కన నిలబడి, చీర కొంచెం పైకెత్తి చూపించింది. పల్చని గులాబీ రంగు చర్మం, తడి ఆరిన కాగితంలా. చుట్టూ నలుపు అలాగే ఉంది.

“నలుపు పోదా?”

“పూర్తిగా పోదు పెద్దమ్మా.”

“ఉండనియ్. పుండు పోయింది, గది చాలు.”

పద్ధతి ప్రకారం మానిన చోటు పక్కన ఇంకో ముక్క తీయాలి. ముందు నాళాల చుట్టూ చిక్కుకుని ఉన్న గ్రోత్ ఫ్యాక్టర్లు ఇప్పుడెక్కడున్నాయో, అంచుకు అందాయో లేదో చూడాలి. పరిశోధనలో అసలు ప్రశ్న అదే. ఆమెకు వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

“అంటె, మానిన దాన్ని మళ్ళ గిల్లుతరు.”

“మెంతి గింజంత.”

“ఇయ్య” అన్నది. కోపంగా కాదు. ఇంకో దోసె వద్దంటే ఎంత స్థిరంగా ఇంకోటి పడుతుందనేదో అంతే స్థిరంగా. “మీకు మొదటిది ఉన్నది కద. దాన్నే సూసుకోండ్రి. ఇది నాది.”

నేను సారుకు చెప్పాను. ఆయన సరే అన్నారు. మా పరిశోధనలో అందరికీ ముందూ వెనకా రెండు చర్మాలున్నాయి. ఆమెకు ముందుదే ఉంది. ఆ ఖాళీని చూసినప్పుడల్లా నాకు వెలితి కలగలేదు. ఆమె కాలు ఆమె దగ్గరే ఉంది, నడుస్తోంది, మాకు చూపించడం అయిపోయింది అనిపించేది.

తర్వాత సారపాక మీదుగా ఎప్పుడు పోయినా దిగేదాన్ని. “ఎటు పోతున్నవ్?” అనేది. ఒకసారి, ఎటూ లేదు, నీ దగ్గరికే అన్నాను. ఏం పెట్టాలో ఆమెకు తోచలేదు. పెనం ముందు కాసేపు ఊరికే నిలబడింది. చివరికి అన్నీ ఒక్కొక్కటి పెట్టింది.

*

మర్నాడు తెల్లవారుజామునే బస్సెక్కాను. కొత్తగూడెం దాటాక నిద్ర పట్టింది, పూర్తిగా కాదు. కిటికీలో చెట్లు వెనక్కి పోతున్నాయి. ఎక్కడో పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు. కళ్ళు తెరిస్తే బస్సు టైర్ల కింద తడి రోడ్డు.

గోదావరి ఒడ్డున, ఇసుక మొదలయ్యే చోట, వాళ్ళు గుమిగూడి ఉన్నారు. మోదుగాకు విస్తరి పరిచి, దాని మీద వండినవన్నీ పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి పెట్టాలి, పిట్ట వచ్చి ముట్టాలి. ముడితేనే పోయిన మనిషికి తృప్తి అయినట్టు. అది ముట్టేదాకా ఇక్కడ ఎవరూ తినకూడదు. కొడుకు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కోడలు నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

“తానం పోసేటప్పుడు నేనే కడిగిన. కాలు మంచిగనే ఉండె డాక్టరమ్మా” అన్నది. అది నాకు ఇవ్వాల్సిన వస్తువు అన్నట్టు, మెల్లగా చెప్పింది.

ఒడ్డు మీద తుమ్మచెట్టుకు కాకులు ఉన్నాయి. చాలా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది. మేం దూరం జరిగాం, ఇంకా దూరం జరిగాం. దిగలేదు.

ఆమె అన్న, కొత్తగూడెం నుంచి వచ్చిన పెద్దాయన, విస్తరి వైపు చూసి చెల్లెలికి ఇష్టమైనదేదో పెట్టలేదన్నాడు. “చాపల పులుసు పెట్టిండ్రా?”

“పెట్టినం.”

“కల్లు?”

“పెట్టినం. అన్నీ ఉన్నయ్ మామా, ముడుతలేదు.”

“అసలు దానికి ఏమిష్టం?”

కోడలు కొడుకు వైపు చూసింది. కొడుకు ఇసుక వైపు చూశాడు. అప్పుడు తెలిసింది, మాలో ఎవరికీ తెలియదని. ఆమెకు ఏమిష్టమో ఎవరం చూడలేదు. గోడ వైపు తిరిగి తినే మనిషి మొహంలో ఏది తిన్నప్పుడు ఏ వెలుగు వచ్చేదో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. కోడలు విస్తరి వైపు చూసింది. “ఏం లోపం చేసిన్నో” అన్నది. ముట్టకుండా పోతే, అత్త ఆకలితోనే పోయిందన్న మాట ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు.

బాయిలర్ బావ అంతవరకూ వెనక కూర్చుని బీడీ కూడా ముట్టించకుండా ఉన్నాడు. లేచి వచ్చాడు. మిల్లు చొక్కాతోనే ఉన్నాడు, షిఫ్టు మీద నుంచి వచ్చినట్టున్నాడు.

“నాకు పెట్టు చెల్లె” అన్నాడు కోడలితో.

పెద్దాయన తల తిప్పాడు. “ఏంది?”

“అన్నం. ఆకలైతుంది.”

“పిట్ట ముట్టకముందు తింటవా? పద్ధతేనా ఇది?”

“మన పద్ధతి కాదు పెద్దయ్యా. ఆమెది.” ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. “మనం తినకముందు ఆమె ఎన్నడన్న తిన్నదా? మనమిట్ల నిలబడి సూస్తుంటె ఆమె ముడుతదా?”

పెద్దాయన చాలాసేపు విస్తరి వైపే చూశాడు. ‘మా అమ్మ గిట్లనే చెప్పేది’ అని ఆమె నాకు చెప్పిన ఆ అమ్మే అతనికీ తల్లి. అతనే ముందు వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు వంగక, చెయ్యి నేల మీద ఆనించి కూర్చున్నాడు. తర్వాత కొడుకు. తర్వాత అందరం.

కోడలు విస్తళ్ళు వేసింది. వడ్డిస్తూ మా చేతుల వైపు చూసింది, మొహాల వైపు కాదు. నాకు అప్పటికే చాలన్నాను. “ఇంకింత పడుతది డాక్టరమ్మా” అని పెట్టింది. అందరికన్నా ఎక్కువ బావ తిన్నాడు. ముద్ద తర్వాత ముద్ద, పని చేస్తున్నట్టు తిన్నాడు. ఇసుక మీద ఎండ, పళ్ళ కింద అక్కడక్కడా ఇసుక. నది చప్పుడు చేయకుండా పోతోంది. ఒక్క కోడలే నిలబడి ఉంది.

వడ్డించడానికి నడిచి వస్తున్న కోడలు, దూరంగా పెట్టిన విస్తరి వైపు చూసి ఆగిపోయింది. గరిటె పట్టుకున్న చెయ్యి కదలలేదు.

“అటు సూడకుండ్రి” అన్నది, చాలా మెల్లగా. “తిననియ్యుండ్రి.”

మేం చూడలేదు. బావ తల వంచుకున్నాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. నేను నా విస్తరిలోకే చూస్తూ, చెవి అటు పెట్టాను. ఎండిన మోదుగాకు మీద పిట్ట గోళ్ళ చప్పుడు, ఆగి, మళ్ళీ.